అయిదిళ్ళ కాగితాలకు ఇనప్పెట్టె

రాయగడలోని ఆ వీధిలో నిప్పూ దొంగతనమూ ఒకే మధ్యాహ్నం వచ్చాయి. ఏప్రిల్ నెల, రెండున్నర గంటలు. పెళ్ళిళ్ళకు షామియానాలు అద్దెకిచ్చే కొట్టు వెనక గోదాంలో మంట లేచింది. గుడ్డలు, వెదుళ్ళు, ప్లాస్టిక్ కుర్చీలు. వీధంతా బిందెలూ బకెట్లూ పట్టుకుని అటు పరుగెత్తింది. అందరూ అక్కడ నీళ్ళు పోస్తున్న గంటలోనే వీధి చివరింట్లో ఎవడో దూరి, బీరువా తలుపు వంచి, ఇత్తడి చెంబులతో సహా ఊడ్చుకుపోయాడు.

మంట వైరు కాలి పుట్టిందని ఫైరింజను వాళ్ళు రాసుకుని వెళ్ళారు. మన్మథరావు నమ్మలేదు.

"దొంగే ముట్టించేడు," అన్నాడు భార్య పుష్పతో. "జనాన్నంతా ఓ మూలకి తోలేసి రెండో మూల పని సేసుకున్నాడు."

"సెంబుల కోసం ఊరు కాల్చేడా? బాగుంది," అంది పుష్ప. తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుంటోంది. ఆమె పద్దెనిమిది బిందెలు మోసింది. మన్మథరావు ఒక్కటి కూడా మొయ్యలేదు. మంటకీ తన ఇంటికీ మధ్య రెండే ఇళ్ళున్నా, అతను తలుపు గడియ పెట్టుకుని, మంచం కింది ట్రంకుపెట్టెను గది మధ్యకు లాగి, దాని మీద కూర్చున్నాడు. ఆ రోజు ఆ వీధిలో నీళ్ళు మొయ్యని మగవాడు అతనొక్కడే. వీధి ఆ సంగతి మరిచిపోలేదు.

ఆ పెట్టెలో బంగారం లేదు. అయిదిళ్ళ భూమి కాగితాలున్నాయి.

మన్మథరావు ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గుణుపురం దగ్గర పొలం కొన్నాడు. అప్పటికి ఈ ప్రాంతం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. దస్తావేజు తెలుగులో రాసి ఉంది. తరవాత సర్వేలు జరిగాయి, ఒడియాలో కొత్త పట్టాలు వచ్చాయి. పట్టాల్లో భూమి ఉంది కాని, కొండకాలవ నీళ్ళలో ఎవరికెంత వాటా అన్నది లేదు. అది ఆ పాత దస్తావేజులో, మూడో పేజీలో, ఒకే ఒక్క వాక్యంలో ఉంది. ఆ వాక్యం మీద ఆధారపడి ముత్తాత వారసులవి అయిదిళ్ళు ఇప్పటికీ వరి పండిస్తున్నాయి. కాగితాలన్నీ ఒకరి చేతిలోనే ఉండాలన్నది ఆ వంశంలో కట్టుబాటు. పంచుకుంటే మనుషులు విడిపోతారని పెద్దలు అనేవాళ్ళు. తండ్రి పోయినప్పుడు అందరూ కలిసి మన్మథరావుకి అప్పగించారు. అతనికి సర్కారు ఫ్యాక్టరీ ఉద్యోగం, పక్కా క్వార్టరు, అన్నిటికన్నా ఎక్కువగా ఎవరినీ నమ్మని మనిషన్న పేరు ఉన్నాయి మరి.

ఆ పేరు ఊరికే రాలేదు. రిటైరై రాయగడ చేరేముందు సునాబేడా ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్ళు అతను పనిముట్ల స్టోరు చూశాడు. పనివాడు ఇత్తడి బిళ్ళ ఇస్తేనే కిటికీలోంచి డ్రిల్లు బయటికొచ్చేది. తిరిగొచ్చిన ప్రతి వస్తువునీ దీపం కింద తిప్పి చూసి, కొలిచి, అప్పుడు బిళ్ళ వెనక్కి ఇచ్చేవాడు. ఇంజనీర్లు వచ్చినా బిళ్ళ అడిగేవాడు. అన్నేళ్ళలో పోయింది ఒకే ఒక కొలత గేజి. దానికోసం ఒక షిఫ్టు షిఫ్టంతటినీ వారం రోజులు నిలబెట్టి అడిగాడు. ఎనిమిదో రోజున అది అతని అరలోనే, నూనె గుడ్డ కింద దొరికింది. ఆ సంగతి పుష్పకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మంట జరిగిన మూడో రోజున గుణుపురం నుంచి గౌరీశంకర్ ఫోన్ చేశాడు. చిన్నాన్న కొడుకు, అయిదిళ్ళ తరపునా ఆఫీసుల చుట్టూ తిరిగేది అతనే.

"అన్నియ్యా, పెట్టె మీద కూకుని కాపలా కాసేవటగా."

"నీకెవులు సెప్పేరు?"

"ఎవులు సెప్తే ఏటి? ఎన్నాళ్ళు కూకుంటావు? నువ్వు లేసినప్పుడు మళ్ళీ మంటొస్తే? అందరం మాటాడుకున్నాం. వానల్లోపు నిప్పుకీ దొంగకీ ఆగే పెట్టె కొంటే కొను. నేకపోతే కాగితాలు నాకు పంపీ."

మన్మథరావు ఫోను పెట్టేశాడు. గౌరీశంకర్‌కి కాగితాలు ఎందుకు కావాలి? అందరూ మాట్లాడుకున్నారంటే, తనని పిలవకుండా ఎక్కడ మాట్లాడుకున్నారు?

బ్యాంకుకి వెళ్తే లాకర్లు ఖాళీ లేవన్నారు. అతనికి ప్రాణం కుదుటపడింది. బ్యాంకు వాళ్ళ మీద పెట్టుకోవలసిన అనుమానం తప్పింది.

ఇనప్పెట్టె కొనడానికి అతను మొదట కోరాపుట్ వెళ్ళాడు. రాయగడలో కొంటే రాయగడకంతా తెలుస్తుందని, రైలెక్కి పోయి మరీ. అక్కడ కొట్టువాడు గోడవార ఉన్న ఆకుపచ్చ పెట్టె మీద సుత్తితో ఒకటి కొట్టి చూపించాడు. గుడి గంటలా మోగింది. ఒడియా మనిషి, 'అయ్యా' అనాల్సిన చోటల్లా 'ఆజ్ఞా' అంటాడు.

"వేలు మందం ఉక్కు, ఆజ్ఞా. గునపం కాదు కదా, ఏనుగు తొక్కినా ఏం కాదు."

"నిప్పులో పడితే?"

"ఉక్కు కాలుతుందా ఆజ్ఞా?"

"ఉక్కు కాలదయ్యా. మా ఫ్యాక్టరీలో కొలిమి మూత మీద అన్నం డబ్బాలు పెట్టుకునేవోళ్ళం. డబ్బా ఉక్కుదే. లోపల అన్నం మాడిపోయేది."

కొట్టువాడు సుత్తి కింద పెట్టి, టీ తెప్పించమంటారా అని అడిగాడు. మన్మథరావు తాగలేదు. మాట మార్చి టీ ఇచ్చేవాడి దగ్గర ఏదీ కొనకూడదు.

చివరికి రాయగడ బజారులోనే సోమేశ్వరరావు కొట్టుకి వెళ్ళక తప్పలేదు. విజయనగరం నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, బీరువాలూ తాళాలూ అమ్ముతాడు. అతను మొదట చూపించింది నిప్పుకి ఆగే పెట్టె. మన్మథరావు వేలి కణుపులతో తట్టి చూశాడు. పెంకుటింటి గోడలా చప్పగా పలికింది.

"రెండు రేకుల మధ్య సిమెంటు లాంటి ముద్ద పోస్తారండి," అన్నాడు సోమేశ్వరరావు. "ఆ ముద్దలో నీటి తేమ ఉంటాది. మంట తగిలితే ఆవిరై వేడిని పీల్చేసుకుంటాది. గంటసేపు కాగితం కమలదు."

"పై రేకు మందమెంత?"

సోమేశ్వరరావు చెప్పాడు. మన్మథరావు నవ్వాడు. ఆ వారంలో అదే మొదటి నవ్వు. "గ్రైండరు పెడితే పావుగంట. అంతెందుకు, ఇద్దరు పట్టుకుని ఆటోలో ఎక్కించుకుపోతే తీరిగ్గా ఇంటికాడ కోసుకోవచ్చు. నిప్పుకి ఆగేది దొంగకి ఆగదు, దొంగకి ఆగేది నిప్పుకి ఆగదు. నువ్వు మనిషికి రెండు పెట్టెలు అమ్మడానికి కూసున్నావు."

"రెంటికీ ఆగేదీ ఉందండి. తెప్పించాలి. ఖరీదూ ఎక్కువే, బరువూ ఎక్కువే."

పది రోజులకు అది వచ్చింది. బూడిద రంగు, నడుమెత్తు, మూడు క్వింటాళ్ళకు కొంచెం తక్కువ. తలుపు లోపలి వైపు రెండు చీటీలున్నాయి. ఎంత వేడిలో ఎన్ని నిమిషాలు ఆగిందో ఒకదాని మీద, ఏ పనిముట్లతో ఎన్ని నిమిషాలు పగలగొట్టి చూశారో రెండోదాని మీద. నేలకు బిగించడానికి అడుగున బోల్టు కన్నాలున్నాయి. మన్మథరావు అద్దం పెట్టి రెండు చీటీలూ చదివాడు. గోరుతో అంచు గీకాడు.

"సీటీలు ఎవడైనా అంటించొచ్చు."

"దాని మీద కంపెనీ నంబరుంది. ఫోన్ సేసి కనుక్కోండి."

"సీటీ అంటించినోడు నంబరు అంటించలేడా?"

ఇంటికి వెళ్ళి, పాత పేపరు కట్టల్లో అదే కంపెనీ ప్రకటన వెతికి, ఆ నంబరుకి ఫోన్ చేసి, పెట్టె వరస నంబరు చెప్పాడు. సరిపోయింది. ఫలానా నెలలో తయారైంది, రెండు పరీక్షలూ నిజమే అన్నారు. మన్మథరావుకి సంతోషం కంటే ఆశాభంగమే ఎక్కువైంది.

డబ్బు కట్టేసి తాళంచెవులు తీసుకుంటుంటే సోమేశ్వరరావు రెండు మాటలు చెప్పాడు. "రెండు తాళంచెవులూ ఒక్క చోట పెట్టకండి. ఒకటి నమ్మకమైన మనిషికి ఇవ్వండి. రెండోది, వారానికోపాలి తలుపు తీసి ఓ గంట గాలాడనివ్వండి. గోడల్లో తేమ ఉంటాదని సెప్పేను గదా, అది లోపలికీ దిగుతాది. ఈ తేమ పీల్చే పొట్లాలు లోపల పెట్టి నెలకోసారి మార్చండి."

మన్మథరావు తల ఊపాడు. దారిలో ఆలోచించాడు. వారానికోసారి, ఒక గంట, తలుపు బార్లా. కొట్టువాడికి ఆ గంటతో ఏం పని? ఈ మాట ఎంతమందికి చెప్పి ఉంటాడు? ఊళ్ళో ఎవరి పెట్టెలు ఏ రోజు తెరిచుంటాయో వాడికొక్కడికే తెలుసన్నమాట. తేమ పొట్లాలను దారిలో మురిక్కాలవలో పారేశాడు. వాటిలో ఏముందో ఎవరికి తెలుసు?

పెట్టె ఇంటికి వచ్చిన రోజు నలుగురు కూలీలు చమటలు కక్కుతూ మోసుకొచ్చారు. దాన్ని గోనెపట్టాలతో కప్పించాడు. ఎదురింటి ఎర్రమ్మ అరుగు మీదికి వచ్చి నిలబడింది.

"ఏటి బావూ అది?"

"పిండి రుబ్బే మర."

"అంత బరువా?"

"పెద్దది."

కూలీలలో ఒకడు పక్కవాడితో ఒడియాలో ఏదో అని నవ్వాడు. మన్మథరావు ఆ నవ్వు ముఖాన్ని గుర్తుపెట్టుకున్నాడు. వాళ్ళను గుమ్మం దగ్గరే ఆపేసి, ఇనపగొట్టాల మీద పెట్టెను తనే దొర్లించుకుంటూ లోపలి గదికి చేర్చాడు. నేలకు కన్నాలు తనే తొలిచి, బోల్టులు తనే బిగించాడు. ఆ పని మాత్రం అందంగా చేశాడు. చేతికి పాత అలవాటు తిరిగొచ్చినట్టయింది.

మర్నాడు పొద్దున్నే ఎర్రమ్మ గిన్నెడు నానిన మినపప్పుతో వచ్చింది. "కొత్త మర గదా, సూద్దారని. కాస్త రుబ్బి పెట్టమ్మా పుష్పా."

పుష్ప గిన్నె అందుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపు మూసుకుని తన చిన్న మిక్సీలో నాలుగు వాయిలుగా రుబ్బింది. ఎర్రమ్మ పిండిని వేళ్ళ మధ్య నలిపి, "మర పెద్దదే గానీ పిండి మిక్సీ పిండిలాగే ఉందే," అంది. వారానికి రెండుసార్లు రావడం మొదలుపెట్టింది. అక్కాచెల్లెళ్ళనీ పంపింది.

"మీ అబద్ధానికి నా రెక్కలు పోతున్నాయి," అంది పుష్ప. "ఇనప్పెట్టె అని సెప్పేస్తే ఏటవుతాది?"

"సెప్పేస్తే పెట్టెందుకు?"

కాగితాలను గుడ్డలో చుట్టి లోపల పెట్టాడు. ఒక తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. రెండోది చేతిలో పెట్టుకుని మూడు రోజులు మనుషులను లెక్కేశాడు. పుష్పకిస్తే మాటల్లో వాళ్ళ అన్నకు చెప్పేస్తుంది. గౌరీశంకర్‌కి ఇస్తే పెట్టె కొన్నది దేనికి? కూతురికిస్తే అల్లుడికి ఇచ్చినట్టే. నాలుగో రోజున దాన్ని ఎక్కడో పెట్టాడు. పుష్ప అడగలేదు. పెట్టె మీద మాత్రం ఒక పుస్తకం కనబడింది. తేదీ, తెరిచినవారు, కారణం, సంతకం అని గీతలు గీసి ఉంది.

"ఇందులో నేనూ సంతకం పెట్టాలా?"

"నియమం అందరికీ ఒకటే."

పుష్ప ఆ పుస్తకాన్ని చీపురు కొసతో పక్కకు జరిపి పెట్టె పైన దుమ్ము తుడిచింది. ఆ తరవాత ఆ గది ఊడవడమే గాని, పెట్టె వైపు చూడడం మానేసింది.

జూన్‌లో వానలు మొదలయ్యాయి. ఆ ఏడు కొండలు కనబడకుండా కురిశాయి. గోడలు చెమ్మగిల్లాయి, ఉప్పు నీరైంది, బట్టలు ఆరేవి కావు. సెప్టెంబరులో ఒక రోజు పుష్ప గది ఊడుస్తూ ఆగింది.

"ఏటో ముక్కిపోయిన వాసనొస్తంది. పెట్టె కాడే. ఓపాలి తియ్యండి."

"వాన వాసన."

"కొట్టాయన గాలాడించమన్నాడని మీరే సెప్పేరు గదా?"

"ఆడు సెప్పేడు కాబట్టే తియ్యను."

దసరా వెళ్ళిన మర్నాడు గౌరీశంకర్ ఫోన్ కూడా చెయ్యకుండా దిగాడు. ముఖం మాడి ఉంది. పై మళ్ళు కొన్న కాంట్రాక్టరొకడు కొండకాలవకు అడ్డంగా గట్టు వేశాడు. కింది అయిదిళ్ళ వరి పొట్ట మీదుంది. ఈ పది రోజులు నీళ్ళు లేకపోతే గింజ పాలుపోసుకోదు. తహసీల్దారు ఇవాళ్టికి నాలుగో రోజున విచారణ ఉందన్నాడు, అసలు దస్తావేజు చూపించమన్నాడు.

"కాగితం తియ్యి అన్నియ్యా. సాయంత్రం బస్సుకెళ్ళిపోతాను."

మన్మథరావు అతన్ని హాల్లో కూర్చోబెట్టి, లోపలి గది తలుపు వేసుకుని, పెట్టె తెరిచాడు.

ముందు వాసన కొట్టింది. తలుపు లోపలివైపు నీటి బొట్లు వరసగా పేరుకుని ఉన్నాయి. గుడ్డ మూట పట్టుకుంటే చల్లగా, బరువుగా తగిలింది. విప్పాడు. పట్టాలు బూజుపట్టి ఆకుపచ్చగా ఉన్నాయి. అడుగున దస్తావేజు. నాలుగు పేజీలూ ఒకదానికొకటి అతుక్కుపోయి అప్పడాల కట్టలా ఒకే ముద్దగా ఉంది. అంచున సిరా నీలంగా పాకింది.

అతను ఆ ముద్దను రెండు చేతుల్లో పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. తాళంచెవి పోయిందని చెప్పొచ్చు. పెట్టె మొరాయించిందని చెప్పొచ్చు. కంపెనీ మనిషి రావాలి, వారం పడుతుందని చెప్పొచ్చు. వారంలో వరి పోతుంది. ఎవరో తనకు తెలియకుండా పెట్టె తెరిచి నీళ్ళు చల్లారని కూడా ఒక్క క్షణం అనుకున్నాడు. పుస్తకం చూశాడు. ఒక్క సంతకం కూడా లేదు.

తలుపు తట్టింది పుష్ప. తీశాడు. ఆమె ముద్దను చూసింది. వెనక గౌరీశంకర్ నిలబడ్డాడు.

"ఏటిది?"

"నేనే," అన్నాడు మన్మథరావు. "అయిదు నెలలు తలుపు తియ్యనేదు. తియ్యమన్నారు. నేనే తియ్యనేదు."

గౌరీశంకర్ కాగితాన్ని చూశాడు, అన్నను చూశాడు. అతని కళ్ళు సన్నబడ్డాయి. "సరీగ్గా ఈ కాగితమే తడిసిందా? సరీగ్గా ఆడు గట్టేసిన నెల్లోనే? నిజం సెప్పు అన్నియ్యా. ఆ కాంట్రాక్టరు నీ కాడికొచ్చేడా? ఏటిచ్చేడు?"

మన్మథరావు ముప్ఫై నాలుగేళ్ళు ఆ ప్రశ్న అడిగే వైపునే ఉన్నాడు. ఇవతలి వైపు నిలబడితే చెప్పడానికేముంటుందో అతనికి తెలియదు. ఒట్టు పెట్టుకుంటే దొంగలే ముందు ఒట్టు పెడతారని తనే అనేవాడు.

"ఊరుకోండి మరిదిగారూ," అంది పుష్ప. "లంచం పుచ్చుకోడానికైనా ఇచ్చేవోడిని నమ్మాలి గదా. ఈయన నమ్ముతారా? ఆ నోటు దొంగనోటేమో అని మీకే ఫోన్ సేద్దురు."

గౌరీశంకర్ నవ్వకూడదనుకున్నాడు. పెదవి ఒక పక్కకు లాగింది. "మరిప్పుడేటి సెయ్యాలి వదినా?"

"ముందు ఫేను కట్టండి. దాన్ని ఎవులూ పీకొద్దు, సిరిగిపోతాది."

ఆమె పాత నేత చీరొకటి చింపి మంచం మీద పరిచింది. ముద్దను దాని మీద పెట్టి, పైన మరో గుడ్డ వేసి, అరచేత్తో అద్ది తీసింది. గుడ్డ తడి పీల్చుకున్నాక ఇంకోటి. ఎండలో పెడితే కాగితం వంకర్లు పోతుందనీ సిరా వెలుస్తుందనీ కిటికీ మూయించింది. గంట గడిచాక మొదటి పేజీ అంచు దానంతటదే లేచింది. ఆమె అట్లకాడ అంచు దాని కింద దూర్చి, ఊపిరి బిగబట్టి, వెంట్రుక వాసి చొప్పున జరిపింది. అటు చివర గౌరీశంకర్ రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. సాయంత్రం బస్సు వెళ్ళిపోయింది. రాత్రికి రెండు పేజీలు, మర్నాటి మధ్యాహ్నానికి మూడోది వచ్చాయి.

సాక్షుల పేర్లలో రెండు పోయాయి. స్టాంపు మీది బొమ్మ మచ్చయింది. గౌరీశంకర్ ఫోను లైటు వేసి, వంగి, పాత రాతను కూడబలుక్కుని చదివాడు: "కొండకాలవ నీరు... అయిదు వంతులలో మూడు వంతులు... కిందిమళ్ళకు నిరాటంకముగా పారవలెను." ఇంకోసారి చదివాడు. ఫోనులో ఫోటోలు తీశాడు. మన్మథరావు అవి ఎవరికి పంపుతున్నావని అడగబోయి మానుకున్నాడు.

విచారణలో తహసీల్దారు మరకల సంగతి అడిగాడు గాని, వాక్యం చదివించుకుని గట్టు తీయించాడు. వరి దక్కింది. ఆ వారమే అయిదిళ్ళ వాళ్ళూ కూర్చున్నారు, ఈసారి మన్మథరావును పిలిచే. పెట్టె మంచిదే, కాగితాలు అందులోనే ఉండాలన్నారు. రెండో తాళంచెవి మాత్రం పుష్ప దగ్గరుండాలన్నారు. ఆమె ఒక షరతు పెట్టింది. సంతకాల పుస్తకం ఉండకూడదు. మన్మథరావు బియ్యం డబ్బా అడుగు నుంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. రోజూ ఆ డబ్బాలో చెయ్యి పెట్టే మనిషి దానివైపు ఒకసారి, అతనివైపు ఒకసారి చూసి, కొంగున ముడేసుకుంది.

ఇప్పుడు శుక్రవారం శుక్రవారం పదింటికి పుష్ప పెట్టె తెరిచి, పట్టాలను ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి, కొత్త తేమ పొట్లాలు పెట్టి, ఓ గంట తలుపు అలా వదిలేస్తుంది. ఆ గంట మన్మథరావు గదిలో ఉండడు. ఆమె ఉండనివ్వదు. వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని, రెండు కాళ్ళూ అడ్డంగా చాపి కూర్చుంటాడు. వచ్చేపోయేవాళ్ళను కళ్ళతో వీధి చివరిదాకా సాగనంపుతాడు. మొన్న శుక్రవారం ఎర్రమ్మ మినపప్పు గిన్నెతో మెట్లెక్కింది.

"ఇప్పుడు కాదు," అన్నాడు.

"ఎందుకు బావూ?"

"మర సల్లారతంది. పదకొండింటికి రా."

ఎర్రమ్మ గిన్నె చంక మార్చుకుంది. అతని భుజం మీదుగా లోపలికి తొంగి చూసింది. అతను కుర్చీని అంగుళం పక్కకు జరిపాడు.